టైగర్ ఎరిగిన ఒకే ఒక్క వాసన

పోయిన వారం నంద్యాల పశువైద్యశాల వరండాలో, మా పిల్లికి టీకా వేయించడానికి వంతు కోసం కూర్చుని ఉండగా, వెనక నుంచి ఒక వాసన వచ్చింది. పులిసిన పిండి వాసనకు కొంచెం దగ్గరగా, తడిసిన గోనెసంచి వాసనకు ఇంకొంచెం దగ్గరగా ఉండే వాసన అది. వెనుదిరిగి చూడకుండానే అక్కడున్నది వేలాడే చెవుల కుక్క అనీ, ఆ చెవుల లోపల కనీసం నెల రోజులుగా ఎవరూ తుడవలేదనీ నాకు తెలిసిపోయింది. తిరిగి చూస్తే నిజంగానే బీగిల్ జాతి కుక్క. నలుపు, గోధుమ, తెలుపు మూడు రంగులూ ఎక్కడివక్కడ సర్దినట్టుగా ఉన్నాయి. దాని గొలుసు పట్టుకున్న బట్టల వ్యాపారి నన్ను చూసి, చదువుకున్న మనిషిలా కనిపించానేమో, మర్యాదగా అడిగాడు: "మేడమ్, ఎంత కడిగినా దీని చెవుల కంపు పోవడం ల్యా. సగానికి కోపిచ్చేస్తే గాలి ఆడతాదని మా అంగట్లో అంటాండారు. మీరేమంటారు?" నేను అన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. "ముందు ఆ సలహా ఇచ్చినవారి చెవులు కోయించి చూడండి, గాలి ఆడుతుందేమో" అన్నాను. ఆయన కుక్కను తన కాళ్ల వెనక్కు లాక్కున్నాడు. ఇన్నేళ్లుగా తరగతి గదిలో ఎంత అల్లరి విద్యార్థినైనా 'మీరు' అని పిలిచే మనిషిని నేను. తర్వాత తేరుకుని, చెవిని నెత్తి మీదికి ఎలా మడవాలో, మందు చుక్కలు వేసి చెవి మొదలు దగ్గర ఎలా మర్దన చేయాలో, అది తల విదిలించిన తర్వాత వేలికి దూది చుట్టి కనిపించినంత మేరకే ఎలా తుడవాలో ఆయనకు చూపించాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. కాని నా మనసు అప్పటికే ఆళ్లగడ్డ బస్సెక్కి వెళ్లిపోయింది.

మా ఊరు ఆళ్లగడ్డకు దగ్గర. మా నాయనకు ఒక అన్న ఉన్నాడు, మాకు పెదనాయన. తాతల నాటి భూమి అన్నదమ్ములిద్దరికీ సమంగానే వచ్చినా, పెదనాయన తన భాగాన్ని పెంచుకున్నాడు, మా నాయన తన భాగాన్ని కాపాడుకున్నాడు. ఊళ్లో ఈ రెండు పనులకూ వేరు వేరు గౌరవాలు ఉంటాయి. రచ్చకట్ట మీద పెదనాయన కూర్చునే చోట మరొకరు కూర్చునేవారు కాదు. తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీకి మొదటి టెంకాయ ఆయనే కొట్టేవాడు. నశ్యం పీల్చే అలవాటు ఉండేది. భుజం మీద ఎర్ర అంచు తువాలు ఉండేది. నశ్యం, ఆముదం, చెమట కలిసిన వాసన మనిషి కంటే ముందు వీధి మలుపు తిరిగేది. మా నాయన ఆయన ఎదుట మంచం మీద కూర్చోవడం నేను ఏనాడూ చూడలేదు. అన్న మాట్లాడుతుంటే తమ్ముడు నిలబడి వినేవాడు, అన్న నవ్వితే తమ్ముడు నవ్వేవాడు. అది మా ఇంటి వ్యాకరణం.

మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. వృక్షశాస్త్రం చదివాను. నంద్యాలలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పే పని దొరికి, అక్కడే రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్న రోజుల్లో పెదనాయన బెంగళూరు నుంచి ఒక కుక్కపిల్లను తెప్పించాడు. ఊళ్లో అడవిపందులు శనగ చేలను కుమ్మేస్తున్నాయి. వేటకు పేరుపడిన జాతి అని ఎవరో చెబితే, పేరుకు తగ్గట్టు పులిలాంటిది వస్తుందనుకుని ముందుగానే టైగర్ అని పేరు ఖాయం చేశాడు. వచ్చింది మూరెడు పొడవు, పెద్ద కళ్లు, నేలకు రాసుకునేంత చెవులు గల పిల్ల. దానితో పాటు ఇంగ్లీషులో అచ్చయిన ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. ఆ ఆదివారం నేను ఊరికి వెళ్లీ వెళ్లకముందే కబురు వచ్చింది.

పెదనాయన ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన అరుగు మీద ఎనిమిది మందో పది మందో కూర్చుని ఉన్నారు. "రా పాపా, రా. మన ఇంట్లో డిగ్రీ చదివిన మనిషి ఉండంగ బయటోళ్లను అడుక్కుండేదేంది? చదివి చెప్పు, ఈ కుక్క ఎట్లాంటిదో" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించిందని ఒప్పుకుంటాను. మెట్టు మీద కూర్చుని, ఒక్కొక్క వాక్యం చదువుతూ, నా శక్తి కొద్దీ మంచి తెలుగులో చెప్పాను. ఇది ముక్కుతో బతికే జాతి. కుందేళ్ల జాడ పట్టి గుంపుగా పరుగెత్తడానికి పెంచిన జాతి. ఒక వాసన వెంట పడితే పిలిచినా వినదు కనుక ఆరుబయట ఎప్పుడూ తాడు విప్పరాదు. తోక చివర తెల్లగా ఉండటం గడ్డిలో తల దించి పోతున్నా యజమానికి కనబడటం కోసం. దీనికి మామూలు మొరుగు వేరు, జాడ దొరికినప్పుడు గొంతెత్తి సాగదీసే కూత వేరు. రెండోది దోషం కాదు, గుణం. కడుపు నిండిన సంగతి దీనికి తెలియదు కనుక తిండి కొలిచి పెట్టాలి. ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది. వేలాడే చెవుల్లోకి గాలి పోదు కనుక వారానికి ఒకసారి శుభ్రం చేయాలి. మనుషులందరితోనూ స్నేహంగా ఉంటుంది; కాపలాకు పనికిరాదు.

నేను పుస్తకం మూసేసరికి పెదనాయన చిటికెడు నశ్యం పీల్చి, తాపీగా తుమ్మి, అరుగు మీది వారి వైపు తిరిగాడు. "చూసినారా? మా తమ్ముడు మూడేండ్లు నంద్యాలలో పెట్టి చదివిచ్చినాడు. ఈ పొద్దుకు కుక్క జాతకం చదివే అంత పండితురాలయింది." అందరూ నవ్వారు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్న మా నాయన కూడా నవ్వాడు. మిగిలిన నవ్వులు నాకు ఆ రోజే వదిలిపోయాయి. ఆ ఒక్క నవ్వు మాత్రం చెవిలో తడిలా లోపలే ఉండిపోయింది.

టైగర్‌ను పుస్తకంలో ఉన్నదానికి సరిగ్గా విరుద్ధంగా పెంచారు. "మన ఇంట్లో కుక్కకు కొలిచి పెడితే ఊరు నవ్వదా?" అని పెదనాయన దానికి జొన్న సంకటి, మాంసం, నెయ్యి అన్నం రోజుకు నాలుగు సార్లు పెట్టించాడు. ఏడాది తిరిగేసరికి దాని పొట్ట, చెవులు సమానంగా నేలకు వేలాడాయి. దొడ్లో గుంజకు కట్టేస్తే రోజంతా కూసేది. పందుల మీదికి వదలాలని చేనికి తీసుకుపోతే, పంది పోయిన జాడను గట్టు గట్టునా శ్రద్ధగా పరిశీలించి, అది ఎటు నుంచి ఎటు పోయిందో కూతలతో నివేదించి, ఎదురుగా పంది కనబడగానే పెదనాయన కాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. కనిపెట్టడం వరకే తన బాధ్యత అన్నట్టు. పక్క చేనివాళ్లు కూడా చూశారు. "టైగర్ బాగా చదువుకునిందప్పా, పంది యాడికి పోయిందో చెప్పింది" అని ఎవరో అన్నారు. ఆ మాట పెదనాయనకు రెండు వైపులా తగిలి ఉంటుంది.

మా వైపు వేటకుక్కలకు, మంద కాచే కుక్కలకు చిన్నప్పుడే చెవులు కోసే అలవాటు ఉంది. పందో తోడేలో పట్టుకోవడానికి చెవి దొరకకూడదని ఒక కారణం చెబుతారు; చెవి తెగితే కుక్కకు రోషం వస్తుందని మరో కారణం చెబుతారు. చెవులు నిక్కి ఉండే నాటు కుక్కల విషయంలో అది ఎప్పటి నుంచో ఉన్న తప్పు. కాని టైగర్ చెవి అరచేయంత వెడల్పున, నిండా రక్తనాళాలతో, తల వంచినప్పుడు నేల మీది వాసనను ముక్కు వైపు ఊడ్చే చీపురులా ఉండేది. నేను ఒక ఆదివారం పొద్దున బస్సు దిగి ఇంటి వైపు నడుస్తుండగా దాని అరుపు వినిపించింది. అంతకుముందు దాని మొరుగు తెలుసు, కూత తెలుసు. ఇది ఆ రెండూ కాదు. దొడ్లోకి పరుగెత్తేసరికి గొర్రెల కాపరి దాని మెడను మోకాళ్ల మధ్య బిగించి, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో ఎడమ చెవిని సగానికి కోసేసి ఉన్నాడు. కుడి చెవి చుట్టూ దారం కట్టి ఉంది. నేను వెళ్లి ఆ కుడి చెవిని రెండు చేతులతో మూసి పట్టుకుని, నేల మీద కూర్చుండిపోయాను.

"చెయ్యి తియ్ మే, తెగుతాది" అన్నాడు కాపరి.

"తెగనీ" అన్నాను.

పెదనాయన మంచం మీద నుంచి లేవలేదు. "కుక్కకు అంత చెవులు ఎందుకు మే? నీ మాదిరి కూచ్చోని పాఠాలు వినేదానికా?" అన్నాడు. నేను మా నాయన వైపు చూశాను. ఆయన అక్కడే ఉన్నాడు. "పెద్దోడు పాపా, ఎదురు చెప్పగాకు. లెయ్" అన్నాడు నేల చూస్తూ. పెదనాయన భుజం మీది తువాలు తీసి నా మీదికి విసిరాడు. "చుట్టుకోని ఎత్తుకపో. పందికి భయపడే కుక్క నాకెందుకు? నీకు అది తోడు, దానికి నువ్వు తోడు. ఇద్దరికీ ఒకే జాగాలో ఉజ్జోగం దొరికింది." ఈసారి నవ్విన వారిలో మా నాయన ఉన్నాడో లేడో నేను చూడలేదు.

ఆటో మాట్లాడుకుని నంద్యాల చేరేసరికి ఆ తువాలు అంచు ఏదో, రక్తం ఏదో తెలియకుండా ఉంది. వైద్యుడు కుట్లు వేశాడు. తల విదిలిస్తే కుట్లు తెగుతాయని మెడకు అట్టతో గరాటు కట్టి, నాలుగు వారాలు పక్కనే పడుకున్నాను. తిండి కొలిచి పెట్టాను. నాపరాళ్లు వేడెక్కక ముందే పొద్దున్నే నడకకు తీసుకువెళ్లాను. వారానికొకసారి కుడి చెవి తుడిచాను. ఎడమ చెవికి గాలి ధారాళంగానే ఆడుతుండేది కాని దుమ్ము, ఈగలు కూడా అంతే ధారాళంగా వచ్చేవి, కనుక దాన్ని రోజూ తుడిచాను. నోటుపుస్తకంలో తేదీల వారీగా బరువు రాశాను. ఆ పుస్తకం చివరి పేజీలో, ఎవరూ చూడని చోట, ఒక వాక్యం రాసుకున్నాను: 'ఆయన నలుగురిలో నవ్వులపాలు కావాలి. ఆ నవ్వులో మా నాయన గొంతు వినిపించాలి.'

మొదట్లో నా ఆశ చాలా సామాన్యమైనది. టైగర్ ఆయనను కరిస్తే చాలుననుకున్నాను. గాయం మానిన తర్వాత దాన్ని ఊరికి తీసుకువెళ్లి ఆయన ఎదుట నిలబెట్టాను. అది ఆయన చెప్పులు, పంచె అంచు, చేతి వేళ్లు వరుసగా వాసన చూసి, తోక ఊపి, చెవి కోయించిన ఆ చేతినే నాకింది. "చూడు, విశ్వాసం!" అన్నాడు పెదనాయన అరుగు మీది వారితో. ఆ రోజు తిరుగు బస్సులో టైగర్ నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది; నేను దాని మీద కోపంతో నంద్యాల దాకా కిటికీలోంచి బయటికే చూశాను. మనుషులందరితోనూ స్నేహంగా ఉంటుందని పుస్తకంలో చదివి చెప్పింది నేనే కదా. ఆ జాతికి దేవుడు ముక్కు ఇచ్చాడు, పగ ఇవ్వలేదు. నాకు పగ ఉంది. రెండూ ఒక ఇంట్లోనే ఉన్నాయని గోస్పాడు దాటేటప్పుడు తోచింది.

ఆ తర్వాతి శనివారం పెద్దమ్మను, అంటే పెదనాయన భార్యను, ఒక పాత తువాలు అడిగాను. కుక్కకు పరచడానికి అన్నాను. ఆమె దండెం మీది నుంచి ఒకటి తీసి, "ఉతకలేదు మే. ఫరవాలేదా?" అంది.

"ఉతకొద్దు పెద్దమ్మా."

ఆమె నా ముఖంలోకి కొంతసేపు చూసింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో నోరు తెరవని మనిషి ఆమె.  ఆ తర్వాత ప్రతి నెలా, నేను అడగకుండానే, విడిచిన తువాలు ఒకటి కాగితంలో చుట్టి, మూతి బిగించిన సంచిలో పెట్టి ఇచ్చేది. వాసన పోకుండా అలా ఉంచాలని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

ఎనిమిది నెలలు శిక్షణ ఇచ్చాను. పాఠం చెప్పడం నా వృత్తి కనుక పద్ధతి ప్రకారమే చేశాను. మొదట నాలుగు అట్టపెట్టెల్లో నాలుగు బట్టలు వేసి, తువాలు ఉన్న పెట్టె దగ్గర ఆగినప్పుడు మాత్రమే ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టాను. తర్వాత తువాలును గదిలో దాచాను. తర్వాత ఊరి బయట బీడులో గడ్డి మీదుగా ఈడ్చుకుంటూ పోయి, ఒక రాయి కింద పెట్టి, తిరిగి వచ్చి 'వెతుకు' అన్నాను. రోజూ తిండిలో ఆ ముక్కల బరువు తగ్గించి పెట్టాను, పొట్ట మళ్లీ రాకూడదని. తల దించి, సగం చెవి, పూర్తి చెవి రెండు వైపులా ఊగుతుండగా, తెల్లని తోక కొసను జెండాలా నిలబెట్టి అది జాడ పట్టే తీరు చూస్తుంటే, చేస్తున్న పనిలోని చెడ్డతనం మరిచిపోయేంత ముచ్చటగా ఉండేది. దొరకగానే కూర్చుని, మెడ ఆకాశానికి ఎత్తి, ఊళవేసేది. దానికి అది ముక్క దొరికే సమయం, పండుగ. ప్రపంచంలో కోటి వాసనలు ఉండగా నేను దానికి ఒక్క వాసన వెనక మాత్రమే పండుగ ఉందని నేర్పాను. ఎందుకు పనికొస్తుందో అప్పటికి నాకూ స్పష్టంగా తెలియదు. ఏదో ఒక పెళ్లి విందులోనో తిరునాళ్లలోనో పట్టుపంచెలో ఉన్న ఆయన ఎదుట కూర్చుని ఊళవేస్తే జనం నవ్వుతారని, అంతవరకే ఊహించాను. అంతకంటే మంచి అవకాశాన్ని పెదనాయనే స్వయంగా కల్పించాడు.

మా ఊరి చేలల్లో బోరు మోటార్ల కేబుళ్లు పోవడం మొదలైంది. లోపలి రాగి కోసం ఎవరో కోసుకుపోతున్నారు. ఒకే వారంలో ముగ్గురు రైతులవి పోయాయి. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్లారు. రచ్చకట్ట మీద ఎవరో, పోలీసు కుక్కను తెప్పిస్తే బాగుండు అన్నారట. దానికి పెదనాయన తొడ చరిచి, "పోలీసోళ్లు ఎందుకప్పా? వాసన పట్టే జాతి కుక్కను బెంగళూరు నుంచి తెప్పిచ్చింది నేను కాదా? నంద్యాలలో ఉండాది. బేగా రమ్మని చెప్తా పాపకు" అన్నాడట. ఒక సంగతి చెప్పాలి. మా వైపు పోలీసు కుక్క అంటే జనానికి ఉన్న నమ్మకం కోర్టు మీద కూడా లేదు. కుక్క ఎవరి ముందు కూర్చుంటే వాడే దొంగ. దానికి ఏ వాసన చూపించారు, ఏం నేర్పారు అని ఎవరూ అడగరు. దొంగతనం అనే దానికి ఒక వాసన ఉంటుందనీ, ముక్కు ఉన్న ఏ కుక్కకైనా పుట్టుకతోనే అది తెలిసిపోతుందనీ అనుకుంటారు.

మా నాయన నాకు ఫోను చేసి ఆదివారం పొద్దున రమ్మన్నాడు. వద్దనవచ్చు. టైగర్‌కు అటువంటి శిక్షణ లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. బస్సెక్కాను.

కేబులు తెగిన చేను దగ్గరికి వెళ్లేసరికి, ఆ చేని రైతు మోటారు గది పక్కన నిలబడి ఉన్నాడు. "మీ పెదనాయన పొద్దున్నే వచ్చి చూసిపాయ పాపా. ఈడ కూచ్చున్యాడు, ఆ తెగిన కొసను చేత్తో పట్టుకోని చూస్యాడు" అన్నాడు.  సంచిలో ఉన్న తువాలును బయటికి తీయవలసిన అవసరం కూడా లేకపోయింది. టైగర్‌ను తెగిన కేబులు దగ్గరికి తీసుకువెళ్లి, మెడ నిమిరి, 'వెతుకు' అన్నాను.

అది ఒక్కసారి నేలను చూసింది. తోక లేచింది. గట్టు మీదుగా, కాలువ అంచున, బండ్ల బాటలో, ఒక్క చోట కూడా తడబడకుండా నన్ను లాక్కుపోయింది. వెనక పది మంది, తర్వాత ముప్పై మంది వచ్చారు. ఊళ్లోకి వచ్చాం. రచ్చకట్ట మీద పెదనాయన తన చోట్లో కూర్చుని, మా రాక కోసం చూస్తూ, "అదిగో, నా కుక్క వస్తాంది!" అన్నాడు. టైగర్ ఆయన కాళ్ల దగ్గరికి పోయి, వెనక కాళ్ల మీద కూర్చుని, మెడ ఎత్తి, ఊరంతటికీ వినిపించేలా ఊళవేసింది.

 పెదనాయన నవ్వాడు. "పెంచినోన్ని గుర్తు పట్టిందిలే."

"గుర్తు పడితే తోక ఊపుతాది గదన్నా, ఇట్ల కూస్తాదా?" అన్నాడు కేబులు పోయిన రైతు నెమ్మదిగా.

"ఏందిరా నువ్వనేది? ఇరవై ఎకరాల ఆసామి కేబులు కోసుకుంటాడా?"

"నేనేమనల్యా. కుక్క అంటాంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. అప్పుడు రచ్చకట్ట మీది ముసలాయన ఒకాయన చేయెత్తి అందరినీ ఆపి నా వైపు తిరిగాడు. "పాపా, నువ్వు చదువుకున్నదానివి. ఊర్లో ఎవురి మాటకూ లేని యిలువ నీ మాటకు ఉండాది. చెప్పు, కుక్క పొరపాటు పడి ఉంటాదా?"

నా చదువును ఆ ఊరు మొదటిసారి గౌరవించిన క్షణం అది. పెదనాయన కూడా నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్లల్లో మొదటిసారి నా మాట మీద ఆధారపడిన చూపు కనిపించింది. నేను తొందరపడలేదు. పుస్తకంలోని భాషలోనే చెప్పాను: "ఈ జాతి ముక్కు సాధారణంగా పొరపాటు పడదు. ఒకసారి పట్టిన జాడను చివరి దాకా విడిచిపెట్టదు." ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. ఏ పరీక్షలో రాసినా పూర్తి మార్కులు వచ్చే సమాధానం. చెప్పి, జేబులోంచి ముక్క తీసి, అందరి ఎదుటా టైగర్ నోట్లో పెట్టాను. అందరూ నవ్వారు. మా నాయన ఒక్కడే నవ్వలేదు.

బస్సు దాకా ఆయనే తోడు వచ్చాడు. మధ్య దారిలో ఆగి, "దానికి వాసన యాడిది పాపా?" అన్నాడు.  ఆయన నా చేతిలోని సంచి వైపు చూశాడు. మూతి కట్టు మధ్య నుంచి ఎర్ర అంచు కనిపిస్తోంది. చేయి చాచి, ఆ అంచును లోపలికి దోపి, కట్టు గట్టిగా బిగించాడు. "బస్సు వస్తాంది, పో" అన్నాడు.

మర్నాటి నుంచి పెదనాయన పేరు కేబులాయన. మా వైపు ఇటువంటి పేర్లు పెట్టడానికి ఒక పూట చాలు, తీయడానికి తరం చాలదు. ఆయన రచ్చకట్టకు రావడం మానేశాడు. ఆ ఏడు బండలాగుడుకు మొదటి టెంకాయ ఇంకొకరు కొట్టారు. నెల తిరగకముందే బనగానపల్లె వైపు అసలు దొంగలు దొరికారు. మా ఊరి కేబుళ్లు కూడా తామే కోశామని ఒప్పుకున్నారు. ఊరు ఆ సంగతి విన్నది. "వాళ్లు కోసినవి వాళ్లు కోసినారు. ఆ చేనిది మాత్రం కుక్క చూపిచ్చింది గదా" అని సర్దుకుంది. ఆ నెల పెద్దమ్మ ఇచ్చిన సంచిలో తువాలు ఉంది. ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ తర్వాత ఆమె మళ్లీ ఇవ్వలేదు.

పంటలు ఇళ్లకు చేరిన తర్వాత ఒక మధ్యాహ్నం పెదనాయన నంద్యాలలో నా అద్దె ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ గడప తొక్కలేదు. టైగర్ ఆయన వీధి మలుపులో ఉండగానే లేచి కూర్చుని ఊళ మొదలుపెట్టింది. ఆయన లోపలికి రాగానే ఆ పాదాల మీద కూర్చుని ముక్క కోసం ఆయన చేతుల్లోకి చూసింది. ఆయన వంగి దాని తెగిన చెవి నిమిరాడు. అప్పుడు దాని పడక మీద పరిచిన గుడ్డ కనబడింది.

"ఇది నా తువాలు గదా."

"అవును పెదనాయనా."

ఎర్ర అంచును వేళ్లతో తడిమాడు. "ఎన్నాళ్లు నేర్పినావు?"

"ఎనిమిది నెలలు."

"నా తమ్మునికి ల్యాని పగ నీకు యాడ నుంచి వచ్చింది మే?"

"మీ ఇంటి నుంచే పెదనాయనా."

ఆ మాటకు ఆయన కోప్పడతాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, నశ్యం డబ్బీ తీసి, పీల్చకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, నేను ఏనాడూ వినని గొంతుతో, "నువ్వు ఒక్కసారి ఊరికొచ్చి, నా వాసన నేర్పింది నువ్వేనని చెప్పు పాపా. నీ మాటైతే నమ్ముతారు. ఆ పేరుతో చావలేను" అన్నాడు. నేను దీనికోసమే ఎదురుచూశాను కనుక జవాబు సిద్ధంగా ఉంది. ముందు ఆయన అదే రచ్చకట్ట మీద, అదే మనుషుల ముందు, ఈ కుక్క చెవి కోయించడం తప్పు అని చెప్పాలి. మా నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. ఆ తర్వాత నేను చెబుతాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "నోరు ల్యాని కుక్క చెవి కోసినందుకు ఊరి ముందర నేను తప్పయిందని చెప్పల్లనా? చచ్చినా చెప్పను."

"అయితే నేనూ చెప్పను."

మంచినీళ్లు ఇచ్చాను, తాగాడు. గుమ్మం దాటేటప్పుడు టైగర్ తాడు ఉన్నంత మేరా వెంట పోయి, ఆయన వీధి మలుపు తిరిగే దాకా ఊళవేసింది. ఆయన వెనుదిరిగి చూడలేదు. ఆయన నడకలోని ఆ మొండితనం నాకు బాగా పరిచితమైనదే. ఎప్పుడైనా అద్దాల దుకాణం ముందు నుంచి నడిచిపోతుంటే కనిపిస్తుంది.

ఆ తర్వాత టైగర్ ఆరేళ్లు బతికింది. సన్నగా, ఆరోగ్యంగా, ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేకుండా బతికింది. చివరి రోజుల్లో చూపు తగ్గినా ముక్కు తగ్గలేదు. దానికి నేను నేర్పిన ఆ ఒక్క పాఠం తప్ప మరే అన్యాయమూ చేయలేదని అనుకుంటాను. పెదనాయన ఉన్నాడు. వయసు మీద పడింది, అరుగు మీదే కూర్చుంటాడు. మా ఊళ్లో ఇప్పుడు ఇంటికొక డిగ్రీ ఉంది. ఆ చదువుకున్న కొత్తవారికి కథ తెలియదు, ఆయన ఇంటిని మాత్రం కేబులోళ్ల ఇల్లు అనే అంటారు. నేను వెళ్లినప్పుడు ఆయన నా వైపు చూస్తాడు, నేను ఆయన వైపు చూస్తాను, ఇద్దరం ఎదుటివారి కోసం ఆగుతాం, ఎవరమూ నోరు విప్పం. ఇదంతా ఇక్కడ రాశాను కనుక ఎవరైనా వెళ్లి మా ఊరికి చెప్పవచ్చు; వారు నమ్మరు, కుక్క అబద్ధం చెప్పదని వారికి నేనే హామీ ఇచ్చాను. కాలమే నిజాన్ని బయటపెడుతుందని చదువుకున్నాను, చదువు చెప్పేటప్పుడు నేనూ చెప్పాను. మా ఊళ్లో కాలం ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు. నేను దాన్ని తొందరపెట్టడం లేదు.